శరణార్థులైన సహవిశ్వాసులను చేర్చుకొనుట: వాక్యపు వెలుగులో సంఘ బాధ్యత

ఉపోద్ఘాతము

2023వ సంవత్సరము జూన్ నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా మందిరపు గుమ్మము దగ్గర ఒక కుటుంబము నిలబడి ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక వృద్ధురాలు. వారు మణిపూర్ కొండ ప్రాంతము నుండి వచ్చిన విశ్వాసులు. మా పట్టణములో ఒక హోటల్‌లో పని చేస్తున్న బంధువును వెదుక్కుంటూ వచ్చారు. ఇల్లు కాలిపోయింది, వారి ఊరి మందిరమూ కాలిపోయింది. ఆ మాట విని మా సంఘము కదిలిపోయింది. వెంటనే ప్రత్యేక కానుక పట్టాము. మరుసటి ఆదివారము వారిని ముందుకు పిలిచి సాక్ష్యము చెప్పించాము, వారి భాషలో పాట పాడించాము, ఫోటోలు తీశాము. ఆ తరువాతి ఆదివారము కూడా అదే జరిగింది. మూడవ వారము ఆ ఇల్లాలు వచ్చీరాని హిందీలో నా భార్యతో ఇలా అన్నది: "అక్కా, పాట ఎన్నిసార్లైనా పాడతాము. కాని మాకు ఒక పొయ్యి కావాలి. మా అత్తగారు హోటల్ తిండి తినలేకపోతున్నారు."

మూడు వారాలలో మాలో ఒక్కరమూ వారు ఏమి తింటున్నారని అడగలేదు. సంఘ కాపరిగా ఆ తప్పు ముందు నాది. వారిని మేము చూశాము, విన్నాము, వారికి డబ్బు ఇచ్చాము, కాని చేర్చుకొనలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఏమిటో తెలుసుకొనుటకే నేను మరల లేఖనములను తెరిచాను. ఆ అధ్యయన ఫలితమును తోటి కాపరులతోను, వేదాంత విద్యార్థులతోను పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మొదట పదములను, తరువాత పాత, క్రొత్త నిబంధనల బోధను, సంఘ చరిత్రను పరిశీలించి, మన కాలములో మిజోరాం సంఘములు చేసిన పనిని ఉదాహరణగా తీసుకొని, చివరగా స్థానిక సంఘము చేయదగిన పనులను చూద్దాము.

1. పదముల వివరణ

సామాన్యముగా మనము ఊరు విడిచి వచ్చిన ప్రతివానిని శరణార్థి అంటాము. అయితే అంతర్జాతీయ న్యాయములో ఈ మాటకు నిర్దిష్టమైన అర్థమున్నది. 1951వ సంవత్సరపు శరణార్థుల ఒడంబడిక ప్రకారము జాతి, మతము, జాతీయత, ఒక సామాజిక వర్గమునకు చెందియుండుట, రాజకీయ అభిప్రాయము అను కారణములలో దేనివలననైనా హింస కలుగునను సహేతుకమైన భయముతో తన దేశము వెలుపల ఉన్నవాడు శరణార్థి. అదే భయముతో ఇల్లు విడిచి, స్వదేశములోనే మరొక చోట తల దాచుకొన్నవారు అంతర్గత నిర్వాసితులు. పైన చెప్పిన మణిపూర్ కుటుంబము ఈ రెండవ కోవకు చెందినది. వారు భారత పౌరులు; వారి హక్కులు మన హక్కులే. బ్రతుకుదెరువు కోసము వలస వచ్చినవారు మూడవ కోవ. 2024 చివరకు ప్రపంచములో బలవంతముగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్లని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క చెప్పింది. వీరిలో ఎక్కువమంది సరిహద్దు దాటనివారే.

భారతదేశము 1951 ఒడంబడిక మీద సంతకము చేయలేదు. మనకు శరణార్థుల కొరకు ప్రత్యేక చట్టము లేదు. దేశము వెలుపల నుండి వచ్చినవారు చట్టము దృష్టిలో విదేశీయులే. 1946 నాటి విదేశీయుల చట్టము స్థానములో 2025 సెప్టెంబరు 1 నుండి క్రొత్త చట్టము అమలులోనికి వచ్చింది. 2019 పౌరసత్వ సవరణ చట్టము పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ దేశముల నుండి 2014 డిసెంబరు 31 లోపల వచ్చిన క్రైస్తవులకు అవకాశము ఇచ్చినది గాని, మయన్మార్ దేశము ఆ జాబితాలో లేదు. అయితే రాజ్యాంగములోని 21వ అధికరణము ఇచ్చు ప్రాణరక్షణ పౌరులకే పరిమితము కాదని, చక్మా శరణార్థుల విషయములో 1996లో సుప్రీం కోర్టు స్పష్టము చేసింది. ఈ సంగతులు కాపరికి తెలిసియుండుట అవసరము. ఎవరికి ఏ సహాయము చేయవచ్చునో, ఎక్కడ జాగ్రత్త పడవలెనో వీటిని బట్టియే తెలుస్తుంది.

2. పాత నిబంధన బోధ

హెబ్రీ లేఖనములు బయటివానిని గూర్చి ఒకే మాట వాడలేదు. "నోక్రీ" అనగా వచ్చి పోవు అన్యదేశస్థుడు. వర్తకుడు కావచ్చు, బాటసారి కావచ్చు. "తోషాబ్" అనగా కొంతకాలము కాపురమున్నవాడు. "గేర్" అనగా తన జనమును, తన భూమిని విడిచి వచ్చి, ఇశ్రాయేలీయుల మధ్య వారి ఆశ్రయము మీద ఆధారపడి బ్రతుకువాడు. మన తెలుగు బైబిలులో దీనిని సాధారణముగా పరదేశి అని అనువదించారు. ఈ గేర్ అను మాట పాత నిబంధనలో తొంభై సార్లకు పైగా కనిపిస్తుంది. కరవు వలన గాని, యుద్ధము వలన గాని వచ్చినవాడు, భూమిలో పాలు లేనివాడు, న్యాయసభలో తన పక్షమున మాట్లాడుటకు బంధువు లేనివాడు అతడే. కాబట్టి నేటి శరణార్థికి దగ్గరగా ఉన్న మాట ఇదే.

ధర్మశాస్త్రము ఈ పరదేశి విషయములో మూడు పనులు చేస్తుంది. మొదటిది, అతనిని బాధింపకూడదని నిషేధిస్తుంది (నిర్గమ 22:21, 23:9). రెండవది, అతనిని ప్రేమింపవలెనని ఆజ్ఞాపిస్తుంది. లేవీయకాండము 19వ అధ్యాయములో పొరుగువానిని ప్రేమింపుమన్న ఆజ్ఞ 18వ వచనములో ఉన్నది. అదే ప్రేమను, అదే కొలతతో పరదేశికి కూడ చూపుమన్న ఆజ్ఞ 34వ వచనములో ఉన్నది. మొదటి ఆజ్ఞను కంఠస్థము చేసిన మనము రెండవ దానిని అంతగా జ్ఞాపకము ఉంచుకొనలేదు. మూడవది, ఆ ప్రేమకు ఒక ఏర్పాటు చేస్తుంది. పొలములో మరచిన పన, ఒలీవ చెట్టు మీద మిగిలిన పండ్లు, ద్రాక్షతోటలోని పరిగె పరదేశికి, తండ్రిలేని వానికి, విధవరాలికి చెందవలెను (ద్వితీ 24:19-22). ఇది రైతు దయ మీద ఆధారపడిన భిక్ష కాదు. పరదేశి తన చేతులతో ఏరుకొని, తన ఇంటికి తీసికొని వెళ్లి, తన పొయ్యి మీద వండుకొనును. మా సంఘము మరచిపోయినది సరిగ్గా ఇదే. సహాయము పొందువాని గౌరవమును కాపాడు విధముగా దేవుడు ఆ ఏర్పాటు చేశాడు.

ఈ ఆజ్ఞలన్నిటికీ ఒకే కారణము చెప్పబడింది: మీరును ఐగుప్తులో పరదేశులైయుంటిరి. ఇశ్రాయేలు తన కష్టమును మరచిపోయిన దినమున పరదేశిని బాధించును. జ్ఞాపకము ఇక్కడ నీతికి పునాది అయినది.

ఇంకొక సంగతి గమనింపవలెను. యజమానుని యొద్దనుండి తప్పించుకొని వచ్చిన దాసుని తిరిగి అప్పగింపకూడదని, అతడు కోరుకొన్న చోట నివసింపనియ్యవలెనని ద్వితీయోపదేశకాండము 23:15-16 చెప్పుచున్నది. మోయాబునుండి తరుమబడిన వారిని దాచి, వారిని పట్టియ్యవద్దని యెషయా 16:3-4లో వినబడుచున్నది. అడ్డత్రోవలలో నిలిచి పారిపోవువారిని పట్టుకొని అప్పగించినందుకు ఎదోమును ఓబద్యా ప్రవక్త గద్దించెను (ఓబద్యా 14). ప్రాణభయముతో వచ్చినవానిని ఆ ప్రమాదములోనికే తిరిగి పంపకూడదన్న నేటి న్యాయసూత్రము లేఖనములకు క్రొత్త కాదు.

మనము తరచుగా శరణార్థులను గూర్చి ప్రసంగించునప్పుడు ఆశ్రయపురములను ఉదహరిస్తాము. అక్కడ కొంత జాగ్రత్త అవసరము. సంఖ్యాకాండము 35లోని ఆశ్రయపురములు పొరపాటున ప్రాణము తీసినవాని కొరకు ఏర్పడినవి, నిర్వాసితుల కొరకు కాదు. అయినను ఆ ఆశ్రయము పరదేశికి కూడ సమానముగా వర్తించునని 15వ వచనము చెప్పుట గమనార్హము.

రూతు గ్రంథమును కూడ ఈ దృష్టితో చదువవలెను. కథ మోయాబు స్త్రీతో ఆరంభము కాలేదు. కరవు వలన బేత్లెహేము విడిచి మోయాబుకు వలస వెళ్లిన ఒక ఇశ్రాయేలు కుటుంబముతో ఆరంభమైనది (రూతు 1:1). మోయాబీయులు వారికి చోటు ఇచ్చారు, పిల్లలను కూడ ఇచ్చారు. తరువాతనే రూతు బేత్లెహేములో పరదేశిగా పరిగె ఏరుకొన్నది. ఈ వేళ చోటిచ్చువాడు రేపు చోటు అడుగువాడు కావచ్చును.

3. క్రొత్త నిబంధన బోధ

మన ప్రభువు బాల్యములోనే రాజు చేతినుండి తప్పింపబడి పరదేశములో ఉన్నాడు (మత్తయి 2:13-15). ఆదిసంఘము కూడ అదే అనుభవము గుండా వెళ్లింది. స్తెఫను మరణము తరువాత కలిగిన హింస వలన విశ్వాసులు చెదరిపోయారు (అపొ. 8:1-4). ఆ చెదరిపోయినవారే అంతియొకయకు వచ్చి సువార్త చెప్పగా అక్కడ సంఘము పుట్టింది (11:19-21). ఆ తరువాత కరవు వచ్చినప్పుడు ఆ అంతియొకయ సంఘమే ప్రతివాడును తన శక్తికొలది వేసి యూదయలోని సహోదరులకు సహాయము పంపింది (11:27-30). శరణార్థులు స్థాపించిన సంఘము పది మందికి పెట్టు సంఘమైనది. శరణార్థిని భారముగా మాత్రమే చూచు మన ఆలోచనను ఈ వాక్యభాగము సరిచేస్తుంది.

అకుల, ప్రిస్కిల్ల అనువారి చరిత్ర ఇంకా స్పష్టమైనది. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వలన వారు రోమా విడిచి కొరింథుకు వచ్చారు (అపొ. 18:1-3). ఆ ఆజ్ఞ క్రీ.శ. 49లో వెలువడినదని పలువురు పండితుల అభిప్రాయము. వారు నిర్వాసితులు. కాని పౌలుకు బస ఇచ్చినది వారే, పని ఇచ్చినది వారే. ఎఫెసులో అపొల్లోకు బోధించినది వారే. రోమాకు తిరిగి వెళ్లిన తరువాత వారి ఇంటిలో సంఘము కూడుకొనినది (రోమా 16:3-5).

పత్రికలలో ఆతిథ్యము అను మాటకు గ్రీకు మూలము "ఫిలోక్సెనియా", అనగా పరదేశి యెడల ప్రేమ. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము మొదటి వచనములో "ఫిలడెల్ఫియా", అనగా సహోదర ప్రేమ ఉన్నది. వెంటనే రెండవ వచనములో ఫిలోక్సెనియా ఉన్నది. మూడవ వచనములో బంధకములలో ఉన్నవారి ప్రస్తావన ఉన్నది. ఈ మూడింటిని రచయిత ఒకే వరుసలో ఉంచుట యాదృచ్ఛికము కాదు. రోమా 12వ అధ్యాయములో ఇంకొక విశేషమున్నది. 13వ వచనములో ఆతిథ్యమును వెంటాడుడని చెప్పుటకు పౌలు వాడిన "డియోకో" అను క్రియనే 14వ వచనములో హింసించువారిని గూర్చి వాడెను. శత్రువు విశ్వాసిని ఎంత పట్టుదలతో తరుముచున్నాడో అంత పట్టుదలతో సంఘము ఆతిథ్యమును వెదకుచు వెళ్లవలెనని ఆ పదప్రయోగము మనకు సూచించుచున్నది. ఎవరో వచ్చి తలుపు తట్టువరకు ఊరకుండుట ఇక్కడ చెప్పబడిన ఆతిథ్యము కాదు.

సహవిశ్వాసికే సహాయము చేయవలెనా?

ఈ ప్రశ్న తప్పక వచ్చును. మత్తయి 25:31-46లో ప్రభువు చెప్పిన అల్పులైన సహోదరులు ఎవరు? మత్తయి సువార్తలో సహోదరుడను మాట శిష్యులకు వర్తించుట చూడగలము (12:48-50, 28:10). 10:40-42లో కూడ శిష్యుని చేర్చుకొనుట ప్రభువును చేర్చుకొనుటగా చెప్పబడింది. కాబట్టి ఇక్కడ హింసింపబడి తిరుగుచున్న శిష్యులను గూర్చియే ప్రభువు చెప్పుచున్నాడని కొందరు వ్యాఖ్యాతలు, కష్టములోనున్న ప్రతి మనుష్యుని గూర్చి అని మరికొందరు అంటారు. మొదటి అర్థమునకు సందర్భము బలముగా ఉన్నదని నా అభిప్రాయము. అయితే దానినుండి రెండవ బాధ్యత రద్దు కాదు. గలతీ 6:10లో పౌలు ముందు అందరికిని మేలు చేయుమని చెప్పి, ఆ తరువాత విశ్వాసగృహమునకు చేరినవారిని ప్రత్యేకముగా జ్ఞాపకము చేయుచున్నాడు. మంచి సమరయుని ఉపమానము (లూకా 10:25-37) ఆ గృహపు గోడ వెలుపలనే జరుగుచున్నది. ఇంటివారిని పోషించువాడు పొరుగువానికి తలుపు మూయనక్కరలేదు. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతములో మయన్మార్ నుండి వచ్చిన రోహింగ్యాలు ఉన్నారు. వారు ముస్లిములు. చిన్ విశ్వాసి మీద జాలిపడి, అదే సైన్యము తరిమిన రోహింగ్యా బిడ్డను చూచి ముఖము త్రిప్పుకొను సంఘము గలతీ 6:10లో సగము మాత్రమే చదివినది.

4. సంఘ చరిత్ర చెప్పు సాక్ష్యము

ఆదిసంఘపు ఉపదేశ గ్రంథమైన డిడాకే 12వ అధ్యాయములో ఆతిథ్యమునకు ప్రేమయు, వివేకమును కలిసిన నియమములు కనిపిస్తాయి. ప్రభువు నామమున వచ్చిన ప్రతివానిని చేర్చుకొనవలెను. దారిన పోవువాడైతే రెండు మూడు దినములు ఉంచుకొనవలెను. నిలిచిపోవలెనని కోరినయెడల చేతిపని ఉన్నవానికి పని చూపవలెను. లేనివాడు సోమరిగా ఉండకుండ సంఘము ఆలోచన చేయవలెను. రెండవ శతాబ్దపు జస్టిన్ మార్టిర్ తన మొదటి ప్రతివాదములో ఆదివారపు కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, తమ మధ్యనున్న పరదేశులకు ఖర్చు చేయబడినదని వ్రాశాడు. అనగా పరదేశి ఖర్చు అత్యవసర చందా కాదు, ఆరాధనలో భాగము. నాలుగవ శతాబ్దములో కైసరయ బిషప్పు బాసిలు పట్టణము వెలుపల రోగులకు, బీదలకు, పరదేశులకు వసతులు కట్టించాడు. 16వ శతాబ్దములో ఫ్రాన్సునుండి హింస వలన పారిపోయి వచ్చిన విశ్వాసుల కొరకు జెనీవాలో ప్రత్యేక నిధి ఏర్పడింది. డీకనులు దానిని నడిపి వచ్చినవారికి బస, పనిముట్లు, వైద్యము సమకూర్చారు. జెనీవా జనాభా ఆ శరణార్థుల వలన ఎంతగానో పెరిగింది. స్థానికులలో సణుగుడు కూడ పెరిగింది. అయినను నిధి ఆగలేదు.

5. మిజోరాం సంఘముల మాదిరి

మన దేశములో, మన కాలములో ఇట్టి పని పెద్ద ఎత్తున జరిగిన చోటు మిజోరాం. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యము అధికారమును చేజిక్కించుకొనినది. మిజోరాంను ఆనుకొనియున్న చిన్ రాష్ట్రము క్రైస్తవ ప్రాంతము; అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన కార్సన్ దంపతులు 1899లో హాకా పట్టణమునకు వచ్చినప్పటినుండి అక్కడ సువార్త వ్యాపించింది. 2021 సెప్టెంబరులో థంట్లాంగ్ పట్టణము మీద సైన్యము దాడి చేయగా ఇండ్లు తగలబడ్డాయి. మంటలార్పుటకు వెళ్లిన ఒక యువ బాప్టిస్టు పాదిరి కాల్చి చంపబడ్డాడు. ఇంచుమించు పది వేల మంది ఉన్న ఆ ఊరు ఖాళీ అయినది. అట్టివారు టియావ్ నది దాటి మిజోరాంలోనికి వచ్చారు. వారి సంఖ్య ముప్పై వేలు దాటినది.

2021 మార్చిలో వారిని రానీయవద్దని, శరణార్థి హోదా ఇచ్చు అధికారము రాష్ట్రములకు లేదని కేంద్ర హోంశాఖ ఈశాన్య సరిహద్దు రాష్ట్రములకు తెలిపింది. వీరు మా రక్తసంబంధులు, వీరి విషయములో మేము ఉదాసీనముగా ఉండలేమని అప్పటి ముఖ్యమంత్రి జోరాంతంగా ప్రధానమంత్రికి లేఖ వ్రాశారు. ప్రభుత్వముల మధ్య ఈ చర్చ జరుగుచుండగా గ్రామములలోని సంఘములు, యంగ్ మిజో అసోసియేషన్ శాఖలు వెదురు గుడిసెలు వేశాయి, బియ్యము పోగుచేశాయి. ఆ సంవత్సరము ఆగస్టులో రాష్ట్ర విద్యాశాఖ శరణార్థుల పిల్లలను బడులలో చేర్చుకొనుమని ఆదేశించింది. 2022 చివరలో బంగ్లాదేశ్ చిట్టగాంగ్ కొండలనుండి బామ్ జాతి విశ్వాసులు, 2023 మే 3న మణిపూర్‌లో హింస మొదలైన తరువాత అక్కడినుండి వేలాదిమంది కుకీ-జో ప్రజలు కూడ వచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారము మిజోరాం జనాభా పదకొండు లక్షలకు లోపే. అంత చిన్న రాష్ట్రము ఈ మూడు దిక్కులవారికి చోటిచ్చినది.

ఇది ఎట్లు సాధ్యమైనది? రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది అలవాటు. మిజో స్త్రీలు అన్నము వండుకొను ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసి పెడతారు. 1910 ప్రాంతములో ఆరంభమైన ఈ పద్ధతి నేటికిని సాగుచున్నది. మన పల్లె సంఘములలో స్త్రీల సమాజము వారికి పిడికెడు బియ్యము క్రొత్త కాదు. కాని మనలో చాలామంది దానిని మానివేశాము. ఆపద వచ్చిన దినమున ఔదార్యము అకస్మాత్తుగా పుట్టదు. దినదినము పొయ్యి దగ్గర నేర్చుకొన్న సంఘమే ఆ దినమున పెట్టగలదు. రెండవది జ్ఞాపకము. 1966 మార్చిలో ఐజాల్ మీద విమానముల నుండి బాంబులు పడినప్పుడు, ఆ తరువాతి కల్లోల సంవత్సరములలో మిజోలు సరిహద్దు దాటి చిన్ కొండలలో తలదాచుకొన్నారు.

అయితే ఈ మాదిరిని మచ్చలేనిదిగా చూపుట సత్యము కాదు. 2003లో ఒక నేరము విషయమై ఒక చిన్ వ్యక్తి మీద నింద రాగా, మిజోరాంలో చిన్ ప్రజలందరి మీద ఆగ్రహము రేగి, యంగ్ మిజో అసోసియేషన్ శాఖలే వారిని వెళ్లిపొమ్మన్నాయి. వేలాదిమంది బలవంతముగా సరిహద్దు దాటవలసివచ్చినది. ఒకే విశ్వాసము, ఒకే రక్తసంబంధము ఉన్నను ఇది జరిగినది. ఒకడు చేసినదానికి జాతి మొత్తమును నిందించుట ఎంత సులభమో దీనివలన తెలుసుకొని మనమును జాగ్రత్తపడవలెను.

6. తెలుగు సంఘమునకున్న జ్ఞాపకము

ఇది ఎక్కడో ఈశాన్యపు సంగతి, మనకేమి అని అనవచ్చును. కాని శ్రీకాకుళము, విశాఖపట్నము, గోదావరి జిల్లాల నుండి రంగూను వెళ్లిన తెలుగువారు లెక్కకు మించి ఉండిరి. ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను వారే పని చేశారు. కోరంగి రేవునుండి వెళ్లినందున అక్కడివారు వారిని కోరంగీలనిరి. అమెరికన్ బాప్టిస్టు మిషను వారు రంగూనులోని తెలుగువారి మధ్య పరిచర్య చేశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూను మీద బాంబులు వేయగా లక్షలాది భారతీయులు బయలుదేరారు. ఓడ దొరకనివారు కాలినడకన టామూ మీదుగా మణిపూర్ కొండలు ఎక్కి ఇంఫాలు, దీమాపూరు చేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది చనిపోయారు. తిరిగి 1964 ప్రాంతములో నే విన్ ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మరల లక్షలమంది కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు అందుకు సాక్ష్యము.

నా చిన్ననాట మా సంఘములో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె కొండలు దాటి నడిచి వచ్చినది. దారి ప్రక్కన కొండజాతివారు ఇచ్చిన నీళ్లను, ఉడికించిన దుంపలను గూర్చి చెప్పునప్పుడెల్లా కొంగుతో కళ్లు ఒత్తుకొనేది. ఆ దారి వెంబడి ఉన్న కొండల ప్రజలే నేడు ఇండ్లు కోల్పోయి మన గుమ్మముల దగ్గర నిలబడుచున్నారు. మీరును పరదేశులైయుంటిరి అను కారణము మనకు ఐగుప్తు దాకా వెళ్లనక్కర లేకుండనే వర్తించును.

7. స్థానిక సంఘము చేయదగిన పనులు

(అ) ముందు అడగవలెను, తరువాత ఇవ్వవలెను. బస, వంట, మందులు, పిల్లల బడి, చదువు సర్టిఫికెట్లు, ఫోనులో తమ ఊరివారితో మాట్లాడు సౌకర్యము: ఇవి సామాన్యముగా మొదటి అవసరములు. సంఘములో ఇద్దరిని, వారిలో ఒకరు స్త్రీ అయియుండునట్లు, ఆ కుటుంబము కొరకు నియమింపవలెను. అందరి బాధ్యత అన్నది ఎవరి బాధ్యతయు కాదు. అపొ. 6:1-7లో వడ్డనలో చిన్నచూపు కలిగినప్పుడు అపొస్తలులు ఏడుగురిని నియమించుట, ఆ ఏడుగురివి గ్రీకు పేర్లు అయియుండుట మనకు పాఠము.

(ఆ) వారి భాషలో ఆరాధనకు చోటు ఇవ్వవలెను. ఢిల్లీ వికాస్‌పురి, జనక్‌పురి పరిసరములలోని చిన్ శరణార్థులు తమ తమ భాషలలో కూడుకొనుచున్నారు. దుఃఖములో మనిషి తల్లిభాషలోనే ప్రార్థించును. మధ్యాహ్నము మందిరము ఖాళీగా ఉన్న వేళ తాళపుచెవి ఇచ్చుట పెద్ద ఖర్చు కాదు. నెలకొకసారి ప్రభురాత్రి భోజనములో అందరును కలిసికొనవలెను.

(ఇ) పని చూపవలెను. డిడాకే చెప్పినట్లు నిలిచియుండువానికి చేతిపని అవసరము. నేత, కుట్టుపని, వంట, నర్సింగు తెలిసినవారు వారిలో ఉంటారు. మన సంఘస్థులే తక్కువ కూలికి వారిని వాడుకొనకుండ కాపరి చూడవలెను (యాకోబు 5:4).

(ఈ) చట్టమును గౌరవింపవలెను. విదేశీయునికి బస ఇచ్చినవారు అధికారులకు తెలియజేయవలెను. జాలిపడి తప్పుడు ఆధార్ కార్డు గాని, ఓటరు కార్డు గాని చేయించరాదు. అది రేపు ఆ కుటుంబమునే చెరసాలలో వేయును. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయములో నమోదు గూర్చి, న్యాయ సహాయము గూర్చి తెలిసిన న్యాయవాదిని సంప్రదింపవలెను. దేశములోనే నిర్వాసితులైనవారికి ఈ చిక్కు లేదు; వారికి రేషను, బడి బదిలీ, నష్టపరిహారపు దరఖాస్తులలో తోడు అవసరము.

(ఉ) గాయపడిన మనస్సును గౌరవింపవలెను. చూచిన ఘోరమును మైకు ముందు పదే పదే చెప్పించుట సాక్ష్యము కాదు, గాయమును మరల రేపుట. ఫోటోలు, పేర్లు ప్రచురించుట వలన ఊరిలో మిగిలిన వారి బంధువులకు ప్రాణాపాయము కలుగవచ్చును. వారు చెప్పదలచినప్పుడు వినువారు ఉండవలెను. వారు మౌనముగా ఉండుట కూడ వారి హక్కు.

(ఊ) సంఘమును మార్చుకొమ్మని ఒత్తిడి చేయరాదు. ప్రెస్బిటేరియన్ విశ్వాసికి బియ్యమిచ్చి మరల బాప్తిస్మము పొందుమని అడుగుట ఆతిథ్యము కాదు. క్రైస్తవేతరునికి చేయు సహాయము విషయములో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువగా ఉండవలెను. సహాయమునకు షరతు పెట్టినవాడు సహాయమును సరకుగా మార్చుచున్నాడు.

(ఋ) ద్వేషమును బోధింపనియ్యరాదు. మణిపూర్‌లో మైతేయి ప్రజలును ఇండ్లు విడిచి శిబిరములలో ఉన్నారు. వారిలో క్రైస్తవులును, కాల్చబడిన మైతేయి మందిరములును ఉన్నవి. మన గుమ్మము దగ్గరకు వచ్చినవారి కన్నీరు తుడుచుట వేరు, వారి శత్రువును మనము కూడ శపించుట వేరు. రోమా 12:13 వెంటనే 14వ వచనము ఉన్నదని మరువరాదు.

(ౠ) వారి యొద్దనుండి పొందుటకు సిద్ధముగా ఉండవలెను. మా మధ్యకు వచ్చిన ఆ కుటుంబము పది నెలలు ఉండి వెళ్లిపోయినది. ఆ వృద్ధురాలు తెలుగు ఒక్క మాట రాకపోయినను, ప్రతి ఉదయము ఐదు గంటలకు మందిరములో మోకాళ్లూని ప్రార్థించేది. మొదట ఆమెకు తలుపు తీయుటకు వెళ్లిన మా స్త్రీలు నలుగురు క్రమముగా ఆమె ప్రక్కన కూర్చొనుట మొదలుపెట్టారు. ఆమె వెళ్లిన తరువాత కూడ ఆ ఉదయ ప్రార్థన నిలిచియున్నది. వారికి మేము ఇచ్చినది ఒక గది, ఒక గ్యాసు పొయ్యి. వారు మాకు ఇచ్చినది ఇది.

ముగింపు

చిన్న సంఘము, ఇరువది కుటుంబములు, కాపరి జీతమే సరిగా రాదు, మేమేమి చేయగలమని కొందరు తమ్ముళ్లు నన్ను అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనది. అంతియొకయలో ప్రతివాడును తన శక్తికొలదియే ఇచ్చెను. శక్తికి మించి ఇమ్మని ఎవరును అడుగలేదు. ఒక సంఘము ఒక కుటుంబమును చూడలేకపోతే, ఆ పట్టణములోని నాలుగు సంఘములు కలిసి చూడవచ్చును. ఒకరు గది, ఒకరు బియ్యము, ఒకరు పిల్లల ఫీజు, ఒకరు న్యాయవాది దగ్గరకు తీసికొనిపోవుట. డినామినేషన్ గోడల మీదుగా మనము కలిసి చేయగల పనులలో ఇది ఒకటి.

పేతురు తన మొదటి పత్రికను చెదరిపోయిన పరదేశులకు వ్రాశాడు (1:1, 2:11). ఆ విలాసము మనకు కూడ చెందును. సొంత ఇల్లు, పట్టా భూమి, ఓటు హక్కు ఉన్న మనము ఆ సంగతి మరచిపోయినప్పుడు, దానిని జ్ఞాపకము చేయుటకు దేవుడు ఒక కుటుంబమును మన గుమ్మము దగ్గర నిలబెట్టవచ్చును. వారు వచ్చినప్పుడు మన మొదటి మాట, పాట పాడండి అని గాక, భోజనము చేశారా అని ఉండును గాక.